మగ్రిబ్ తర్వాత లెక్కల క్లాసు

బెంగళూరు ట్యానరీ రోడ్డు వెంట, శివాజీనగర్ సందుల్లో, గోరిపాళ్యలో ఒక రకం బోర్డులు తరచూ కనబడతాయి. ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు, సైన్సు అని పైన; నాజిరా ఖురాన్, దీనియాత్ అని దాని కింద; మిగిలిన జాగాలో స్పోకెన్ ఇంగ్లిష్. సాయంత్రం పిల్లల్ని ట్యూషన్‌కొక చోటికి, ఖురాన్ నేర్పే మక్తబ్‌కొక చోటికి తిప్పలేని అమ్మానాన్నలకు ఇది సుఖం. ఆ సుఖం పిల్లలకు మేలా కాదా అన్నదే పేచీ.

ఆ పేచీని ఇద్దరి నోట పెట్టి రాస్తున్నాను. ఇద్దరూ నేను కల్పించుకున్నవాళ్ళే, మాటలు మాత్రం ఊళ్ళో వినబడేవి. ఒకాయన హిందూపురంలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై, ఫ్రేజర్ టౌన్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. రెండో మనిషి ఆయన మేనకోడలు. పీయూ కాలేజీలో లెక్కలు చెబుతుంది. నూర్‌బాషాల కుటుంబం, ఇంట్లో తెలుగే, తాతది దూదేకే వృత్తి. మామ జుమ్మాకు తప్ప మసీదుకు పోడు. కోడలు ఐదు పూటలా నమాజు చేస్తుంది, స్కార్ఫు లేనిదే గడప దాటదు. ట్యూషన్‌లో దీన్, అంటే మతం, కూడా చెప్పాలనేది మామ, వద్దనేది కోడలు. తారుమారుగా ఉందనిపించవచ్చు. నాకు తెలిసినంతలో ఇట్లాగే జరుగుతుంది. రోజూ నమాజు చేసేవాళ్ళకు దాన్ని గురించి బెంగ ఉండదు. ఎక్కడో జారవిడుచుకున్నామనుకునే పెద్దవాళ్ళే పిల్లల కోసం సిలబస్ రాయిస్తారు.

మామా, ఆయన స్నేహితులూ కలిసి ఒక ట్రస్టు పెట్టుకున్నారు. మసీదు వెనక సందులో మేడ మీద గది చూసుకున్నారు. లెక్కలు చెప్పమని కోడలిని అడగడానికి ఆయన వచ్చాడు. టైంటేబులు కాగితం చేతిలోనే ఉంది.

మేనకోడలు: ఇట్లా ఇవ్వు మామా, చూస్తా. నాలుగున్నరకు లెక్కలు. ఐదుంబావుకు అసర్ నమాజు. ఐదున్నరకు సైన్సు. ఆరున్నరకు మగ్రిబ్ నమాజు. ఏడింటికి ‘మన గుర్తింపు, మన వారసత్వం’. ఎవరు రాశారిది?

మామ: నేనే. మీ బావ కంప్యూటర్లో కొట్టిపెట్టాడు.

మేనకోడలు: నవంబరులో ఇక్కడ మగ్రిబ్ ఐదూ యాభైకే. జూలైలో ఆరూ యాభైకి. ఏడాది పొడుగునా నీ కాగితం గంటసేపు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. నవంబరులో సైన్సు ఇరవై నిమిషాలకే తెగిపోతుంది. అది పదో తరగతి వాళ్ళకు అసలైన కాలం. అప్పుడు ఏది కోస్తావు, సైన్సునా వారసత్వాన్నా?

మామ: కొయ్యడమెందుకు, సర్దుకుంటాం. కేరళ వాళ్ళను చూడు. పొద్దున్నే మద్రసా, తర్వాత బడి. సమస్త అనే ఉలేమా సంస్థ వాళ్ళ బోర్డు 1951 నుంచి వాటిని నడుపుతోంది. ఆ పిల్లలు చదువులో వెనకబడ్డారా? మన కంటే నాలుగడుగులు ముందే ఉన్నారు.

మేనకోడలు: ముందున్నారు, నిజమే. కానీ 2025లో అక్కడి ప్రభుత్వం హైస్కూలు వేళలు రోజుకు అరగంట పెంచితే ఆ సమస్త వాళ్ళే ఒప్పుకునేది లేదన్నారు. పిల్లవాడి రోజులో అరగంట ఎవరిదన్న తగాదా అంత బాగా నడిచే చోట కూడా తెగలేదు. నీ మేడ మీద గదిలో తెగుతుందా?

మామ: గంటలూ నిమిషాలూ పక్కన పెట్టు తల్లీ. నేనెందుకు పెడుతున్నానో విను. మా వీధిలో ఒక పిల్లాడున్నాడు, తొమ్మిదో తరగతి. స్కూల్లో కొత్తవాళ్ళెవరైనా పేరడిగితే ఇంటి ముద్దుపేరు చెబుతాడట. ఎందుకురా అంటే ఊరికే అంటాడు. బక్రీదు మర్నాడు డబ్బా తీసుకుపోడు, క్యాంటీన్లో తింటానంటాడు. తన పేరు చెప్పుకోవడానికి వెనకాడేవాడికి ఆల్జీబ్రా ఎట్లా ఎక్కుతుంది? హిజాబ్ గొడవలో 2022 ఫిబ్రవరి 5న కర్ణాటక సర్కారు యూనిఫారం ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న హైకోర్టు అది సబబే అంది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరొక తీర్పు చెప్పారు. ఆ తొమ్మిది నెలలూ మన ఆడపిల్లల మీద టీవీల్లో నడిచిన చర్చ ఆ పిల్లాడు కూడా విన్నాడు. వాడికి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి కదా, నువ్వెవరివో తెలుసుకో, తలెత్తుకో అని.

మేనకోడలు: ఆ ఏడాది స్కార్ఫు తీసి బెంచీ మీద కూర్చున్న అమ్మాయిలకు పాఠం చెప్పినదాన్ని నేను. కూర్చోలేక ఇంటికెళ్ళిపోయిన వాళ్ళ ఖాళీ బెంచీలకూ చెప్పాను. తిరిగి వచ్చిన పిల్ల నన్నడిగింది ఒక్కటే: మేడమ్, నేను లేనప్పుడు ఇంటిగ్రేషన్ ఎంత దాకా అయిపోయింది? నువ్వెవరివో తెలుసుకో అని నేను దానికి చెప్పేదేముంది? అది నాకంటే బాగా తెలిసే గేటు దగ్గర నిలబడింది. దానికి కావలసింది పోయిన పాఠాలు.

మామ: ఆ పాఠాలు ఎక్కడ చెప్పావు?

మేనకోడలు: మా ఇంట్లో. ఆదివారాలు.

మామ: మీ ఇంట్లోనే ఎందుకు? కోచింగ్ సెంటర్లు లేవా? వాళ్ళ నాయన అక్కడికి పంపడు. నీ ఇంటికి పంపాడు. నువ్వు నమాజు చేస్తావని, మనింటి పిల్లవని. అంటే నువ్వు ట్యూషనూ దీనూ కలపకుండానే కలిపావు. నేను దానికి ఒక గది చూస్తున్నాను, అంతే.

ఈ మాటకు ఆమె దగ్గర చటుక్కున జవాబు లేదు. ఉన్నట్టు రాస్తే నేను ఆమె పక్షం వహించినట్టవుతుంది. ట్యానరీ రోడ్డు, డీజే హళ్ళి వైపు ఇళ్ళలో పదో తరగతి తర్వాత మగపిల్లలు గ్యారేజీకో బట్టల కొట్టుకో పోతారు, ఆడపిల్లలు చదువుదామనుకుంటారు. సాయంత్రం ఆరు దాటాక వాళ్ళను పంపించే చోటు మాత్రం మసీదు సందు దాటదు. ఆ పరిస్థితి మారేదాకా చదువు మానుకొని కూర్చోమని పిల్లకు ఎవరూ చెప్పలేరు.

మేనకోడలు: చోటు సంగతి ఒప్పుకుంటా. ఆ గదికి వస్తా. నాకు పేచీ ఏడింటి పాఠంతోనే. సచార్ కమిటీ 2006లో రాసింది, మద్రసాల్లో చదివేది మన పిల్లల్లో నూటికి నలుగురికి మించరని. తక్కినవాళ్ళు అందరితో పాటు మామూలు బడికి పోతున్నారు, అల్లా సంగతి పొద్దున పూట మక్తబ్‌లోనో ఇంట్లో నాన్నమ్మ దగ్గరో నేర్చుకుంటున్నారు. ఆ నేర్పు నడుస్తోంది మామా. నడవనిది లెక్కలు. నడిచేదానికి నువ్వు గంట పెట్టి, నడవనిదాంట్లో గంట కోస్తున్నావు.

మామ: నడుస్తోందంటావా? మక్తబ్‌లో నేర్పేది నాజిరా. అక్షరం పలకడం వస్తుంది, అర్థం రాదు. మనమెక్కడి నుంచి వచ్చాం, మనవాళ్ళు ఏం చేశారు, అది ఎవరూ చెప్పరు. ఇదే ఊళ్ళో 1966లో ముంతాజ్ అహ్మద్ ఖాన్ అల్-అమీన్ పెట్టాడు. డాక్టరీ చేసుకుంటే హాయిగా బతికేవాడు. 2021లో పోయేదాకా చదువే పట్టుకున్నాడు. బీదర్‌లో అబ్దుల్ ఖదీర్ సాహెబు 1989లో షాహీన్ మొదలుపెట్టాడు. ఖురాన్ మొత్తం కంఠస్థం చేసి, కూడికలు తీసివేతలు కూడా సరిగా రాని హాఫిజ్ పిల్లల్ని తీసుకొచ్చి, అకడమిక్ ఐసీయూ అని పేరుపెట్టి, అక్షరాల దగ్గర్నుంచి దిద్దించి, నీట్ రాయించి మెడికల్ సీట్లు తెప్పిస్తున్నాడు. రెండూ కలవవని ఎట్లా అంటావు?

మేనకోడలు: నువ్వు చెప్పిన రెండూ నా వైపే మాట్లాడుతున్నాయి. అల్-అమీన్ పేరు బోర్డు మీద ఉంది, లోపల చెప్పింది బీకాం, బీఎస్సీ. షాహీన్‌లో ఆ పిల్లలకు ముందు హిఫ్జ్ అయిపోయింది, తర్వాత లెక్కలు పట్టారు. లెక్కలు పట్టినప్పుడు లెక్కలే పట్టారు. అక్కడ ముస్లిమేతర పిల్లలు కూడా చాలామంది చేరతారు. వాళ్ళ అమ్మానాన్నలు అక్కడి ఫిజిక్సు చూసి పంపుతున్నారు.

మామ: అబ్దుల్ కలాంను తీసుకో. ఆయన రాసుకున్నదే. పొద్దున నాలుగింటికి లేచి స్నానం చేసి లెక్కల ట్యూషన్. రాగానే తండ్రి వెంట నమాజు, తర్వాత అరబ్బీ బళ్ళో ఖురాన్. ఆ తర్వాత స్టేషన్‌కు పోయి పేపర్లు. ఎనిమిదేళ్ళ పిల్లాడు! ట్యూషన్, దీన్, పని, మూడూ ఒకే పొద్దున.

మేనకోడలు: ట్యూషన్ చెప్పిందెవరు?

మామ: స్వామియార్ అని ఆ ఊరి మాస్టారు.

మేనకోడలు: చూశావా! ఏడాదికి ఐదుగురికే చెప్పేవాడట, డబ్బు తీసుకోకుండా. తలారా స్నానం చేసి రావాలన్నది ఆయన షరతు. ఆ ఐదుగురిలో ఒకడు మసీదు ఇమాము కొడుకు. స్వామియార్ వాడికి ఇస్లాం చెప్పలేదు, వాళ్ళ నాయన లెక్కలు చెప్పలేదు. రెండిళ్ళ మధ్య నడిచింది ఆ పిల్లాడు. కలుపుకున్నదీ వాడే. నువ్వు వాడి పని కూడా నువ్వే చేసి పెడతానంటున్నావు.

మామ: రామేశ్వరంలో ఆ రెండిళ్ళ మధ్య దూరం ఎంత? నాలుగు సందులు. ఇక్కడ ఆరింటికి ట్యానరీ రోడ్డు దాటి చూడు. అది వదిలెయ్. స్వామియార్ ఒకడున్నాడు కాబట్టి ఆ కథ నడిచింది. ఈ బెంగళూరులో మన పిల్లాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టుకొని ఊరికే లెక్కలు చెప్పే స్వామియార్‌ను నాకు చూపించు. ఇల్లు అద్దెకివ్వడానికే పేరడుగుతున్న ఊరు. సర్కారు సంగతి సరే సరి. ఒకటి నుంచి ఎనిమిది దాకా మైనారిటీ పిల్లలకిచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ 2022లో కేంద్రం ఆపేసింది, మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా ఆ ఏడే పోయింది. మనకు మనమే కదా పెట్టుకోవాల్సింది?

మేనకోడలు: స్వామియార్లు ఉన్నారు. తక్కువ. నీకొకటి చెప్తా. ఆ మేడ కింద ఇస్త్రీ బండి ఉంది, చూశావా?

మామ: చిత్తూరు వైపు వాళ్ళు. నా చొక్కాలు అక్కడే ఇస్తా.

మేనకోడలు: వాళ్ళ పిల్లాడు ఏడో తరగతి. పైన ట్యూషన్ వస్తోందట, మావాణ్ణి చేర్చుకుంటారా అమ్మా అని వాళ్ళమ్మ నన్ను అడిగింది. ఇప్పుడు నువ్వు స్వామియార్‌వు అవుతావా, కావా?

మామ: రమ్మను. నేనెందుకు కాదంటాను? ఏడింటి దాకా కూర్చుంటాడు, ఆ తర్వాత ఇంటికెళ్ళిపోతాడు.

మేనకోడలు: అదే మామా నాకు గొంతు దిగనిది. రోజూ ఏడు కొట్టగానే పాతికమందిలోంచి ఒక్కణ్ణి లేపి, ఇంక నీకిక్కడ పని లేదు, పో అంటాం. వాడికి ఏం నేర్పినట్టు? తక్కిన ఇరవై నాలుగు మందికి ఏం నేర్పినట్టు?

మామ: మన పిల్లలు బళ్ళల్లో ఇంతకంటే పడ్డారు.

మేనకోడలు: పడ్డారు కాబట్టి వీడూ పడాలా?

మామ: అట్లా అనలేదు.

మేనకోడలు: కాగితం అంటోంది.

మామ కాగితం తీసుకొని మళ్ళీ చూసుకున్నాడు. వాళ్ళు ఈ మాటలాడుకుంటున్న ఫ్రేజర్ టౌన్‌కు ఆ పేరు స్టూవర్ట్ ఫ్రేజర్ వల్ల వచ్చింది. ఆయన మైసూరు రెసిడెంటు కాకముందు చిన్నవాడైన మహారాజు నాల్వడి కృష్ణరాజ వడయరుకు చదువు చెప్పిన గురువు. ఆ రాచబడిలో మహారాజు పక్కన కూర్చుని చదువుకున్న పిల్లవాడు మీర్జా ఇస్మాయిల్. బెంగళూరులో స్థిరపడ్డ పర్షియా గుర్రాల వ్యాపారి వంశం. ఆయనే 1926 నుంచి 1941 దాకా మైసూరు దివాను. ఒక ట్యూషన్ మాస్టారి పేరున్న పేటలో కూర్చుని ట్యూషన్ గురించి కొట్లాడుకుంటున్నామని ఇద్దరికీ తట్టలేదు. ఇప్పుడా పేటకు పులకేశినగర్ అని కొత్త పేరు కూడా ఉంది.

మేనకోడలు: సరే, ఏడింటికి ఏం చెప్పిస్తావో చెప్పు.

మామ: పోస్టర్లు వేయిస్తున్నాం. ఆల్జీబ్రా రాసిన ఖ్వారిజ్మీ, కాంతి మీద రాసిన ఇబ్న్ అల్-హైతమ్, వైద్యానికి ఇబ్న్ సీనా. కార్డోబా మసీదు బొమ్మ ఒకటి.

మేనకోడలు: అన్నీ వెయ్యేళ్ళ కిందటివి, అన్నీ సముద్రం అవతలివి. ఖ్వారిజ్మీ సున్నాతో సహా అంకెలు ఎక్కడి నుంచి తీసుకున్నాడో కూడా పోస్టర్లో ఉంటుందా? హిందూ గణన పద్ధతి అని ఆయనే పుస్తకం రాశాడు. బ్రహ్మగుప్తుడి లెక్కలు బాగ్దాదు చేరాకే అక్కడ ఆ పని సాగింది. అది చెప్పకుండా అన్నీ మనవాళ్ళే కనిపెట్టారంటే, పక్క వీధిలో విమానాలు మావే అని చెప్పే పంతులుకూ నీకూ తేడా ఏముంది?

మామ: అది కూడా చెప్పిస్తా. దానికేం?

మేనకోడలు: తవక్కల్ మస్తాన్ సంగతి చెప్పిస్తావా? చైత్ర పున్నమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ ఊరేగింపు బయల్దేరి కాటన్‌పేటలో ఆయన దర్గాకు వెళ్ళి, అక్కడ ఆగి గానీ ముందుకు పోదు. ఈ ఊరి ముస్లిం పిల్లాడికి కార్డోబా కంటే దగ్గరి వారసత్వం అది. ఇస్త్రీ వాళ్ళబ్బాయి ఆ రాత్రి మేలుకొని చూసొస్తాడు, పాఠం వాడే చెప్పగలడు.

మామ: దర్గా వ్యవహారం ట్రస్టులో కుదరదమ్మాయ్. ఐదుగురం ఉన్నాం. ఇద్దరు తబ్లీగు వాళ్ళు, ఒకాయన జమాతే ఇస్లామీ, ఒకాయన బరేల్వీ. దర్గా అంటే ముగ్గురు లేచిపోతారు, వద్దంటే నాలుగో ఆయన లేచిపోతాడు.

మేనకోడలు: నువ్వు?

మామ: నేను అకౌంట్లు చూస్తాను.

మేనకోడలు: అందుకే ఎవరికీ నొప్పి కలగని కార్డోబా దొరికింది మీకు. టిప్పు సంగతో? 2015లో ఒక సర్కారు జయంతి చేసింది, 2019లో ఇంకో సర్కారు మానేసింది. పిల్లలు రెండూ చూశారు. వాళ్ళు అడిగితే ఏం చెప్తారు? ఇనుప గొట్టాల రాకెట్లు చెప్తారు, అది సులువు. 2018లో శివమొగ్గ జిల్లా నగరలో పాత బావిలో వెయ్యికి పైగా దొరికాయి కదా. కొడగులో, మంగళూరులో ఆయన్ను వేరేగా గుర్తుపెట్టుకున్న వాళ్ళున్నారు, అదీ చెప్తారా? రెండూ చెప్పలేనప్పుడు చరిత్ర జోలికి పోకూడదు.

మామ: కవి నిసార్ అహ్మద్‌ను చెప్పవచ్చు, ఎవరూ లేచిపోరు. దేవనహళ్ళిలో పుట్టాడు, భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ ‘నిత్యోత్సవ’ రాశాడు. కన్నడ రాష్ట్రంలో ఆ పాట పాడని బడి లేదు. 2017లో మైసూరు దసరా ప్రారంభించాడు. 2025లో రచయిత్రి బాను ముష్తాక్ ఇంటర్నేషనల్ బుకర్ తెచ్చింది, దసరా కూడా ఆమే ప్రారంభించింది. ఆమెను పిలవకూడదని కోర్టుల దాకా పోయారనుకో, నెగ్గలేదు.

మేనకోడలు: ఆమెను ఎనిమిదేళ్ళప్పుడు కన్నడ బళ్ళో వేస్తూ ఆరు నెలల్లో రాయడం చదవడం రాకపోతే తీసేస్తామన్నారట. వాళ్ళ నాయన ఒప్పుకొని వేశాడు. అటువంటి నాయనలు కావాలి మామా. మన ఇంటి సంగతి చూడు. తెలుగు మాట్లాడతాం, స్కూల్లో ఇంగ్లిషు, వీధిలో కన్నడ, మసీదులో దక్కనీ ఉర్దూ, నమాజులో అరబ్బీ. మసీదులో నాలుగు ఉర్దూ మాటలు సరిగా రాకపోతే మనల్ని ముస్లింలమా అన్నట్టు చూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నీ ఏడింటి క్లాసు ఏ భాషలో?

మామ: ఉర్దూ అనుకున్నారు.

మేనకోడలు: అయితే మీ మనవడికే సగం అర్థం కాదు. పిఠాపురం ఉమర్ అలీషా గారు పద్యాలు రాసింది ఏ భాషలో? ఖయ్యాంను తెచ్చింది ఏ భాషలోకి? స్వాతంత్ర్యానికి చాలా ముందే ఖురాన్‌ను తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు మన అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన పండితుడు, ముస్లిం కూడా కాదు. నూర్‌బాషాల పిల్లలకు వీళ్ళ పేర్లయినా వినబడాలి కదా.

మామ: వినబడాలి. నేను కూడా గీటురాయి పత్రిక తెప్పించుకొని చదివినవాణ్ణే. కానీ చూస్తున్నావా తల్లీ, వారసత్వం వద్దన్నదానివి ఇప్పటికి నాలుగు క్లాసులకు సరిపడా చెప్పావు.

ఆయన బ్యాంకులో అప్పులు వసూలు చేసినవాడు. ఎక్కడ పట్టుకోవాలో తెలుసు. ఆమె నవ్వింది గానీ వదల్లేదు.

మేనకోడలు: వద్దన్నది పోస్టరును. లెక్కలో కలిసిపోయేదుంటే నేనే చెప్తా. ఖ్వారిజ్మీ 820 ప్రాంతంలో రాసిన ఆ పుస్తకంలో పెద్ద భాగం దేని గురించో ట్రస్టులో ఎవరికైనా తెలుసా? వారసత్వమే. అంటే ఆస్తి పంపకం.

మామ: మీరాస్ లెక్కలా?

మేనకోడలు: అవే. ఏడో తరగతి భిన్నాలకు ఇంతకంటే మంచి లెక్క లేదు. ఒకాయన చనిపోయాడు, అప్పులు తీర్చాక 24 లక్షలు మిగిలాయి. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు. భార్యకు ఎనిమిదో వంతు, 3 లక్షలు. మిగిలిన 21లో కొడుక్కు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. 14, 7. ఇది సులువు. ఇప్పుడు చిక్కుది. ఒకావిడ పోయింది. పిల్లల్లేరు, తల్లిదండ్రులు లేరు, మగతోబుట్టువులు లేరు. భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్ళు. భర్తకు సగం. అక్కచెల్లెళ్ళకు కలిపి మూడింట రెండు. కూడు.

మామ: సగం అంటే ఆరింట మూడు. మూడింట రెండు అంటే ఆరింట నాలుగు. ఆరింట ఏడు... ఇదేమిటి, ఉన్నదాని కంటే ఎక్కువ పంచాలా?

మేనకోడలు: ఆ చిక్కు రెండో ఖలీఫా ఉమర్ కాలంలో వచ్చిందంటారు. సున్నీ ఫిఖ్‌లో, అంటే ధర్మశాస్త్రంలో, దాన్ని ఎట్లా తేల్చారంటే, ఆరు పాళ్ళు కాదు, ఏడు పాళ్ళు చేశారు. భర్తకు ఏడింట మూడు, అక్కచెల్లెళ్ళకు ఏడింట నాలుగు. ఒక్కరికే కోత పెట్టకుండా అందరికీ ఒకే నిష్పత్తిలో తగ్గించారు. ఇది పిల్లల చేత బోర్డు మీద చేయిస్తే భిన్నాలు, నిష్పత్తులు, సామాన్య హారం, మూడూ వచ్చేస్తాయి. ఫిఖ్ అంటే బండబారిన నియమం కాదని, చిక్కు వస్తే కూర్చుని ఆలోచించారని కూడా చూస్తారు. ఇస్త్రీ వాళ్ళబ్బాయికీ ఇది లెక్కే, ఏడింటికి లేచి పోనక్కర్లేదు.

మామ: ఇంకేం మరి! ఇదే కదా నేను అడుగుతున్నది! ఏడింటి క్లాసు నీదే.

మేనకోడలు: ఆగు. మొదటి లెక్కకు తిరిగి రా. 14, 7 అని రాశాక ముందు బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తుతుంది. అన్నకు పద్నాలుగెందుకు, నాకు ఏడెందుకు అంటుంది. తప్పకుండా అంటుంది, నేను అన్నాను కాబట్టి చెప్తున్నా. అప్పుడేం చెయ్యాలి?

మామ: భార్యను పోషించే బాధ్యత మగవాడిది, మహరు ఇచ్చేది వాడు, ఆడదాని డబ్బు ఆడదానిదే అని చెప్పాలి. పెద్దలు చెప్పేదే.

మేనకోడలు: చెప్తా. ఆ పిల్ల మళ్ళీ అంటుంది: మా ఇంట్లో అమ్మే కుట్టుమిషను మీద సంపాదిస్తోంది, నాన్న ఇవ్వడు, మామయ్యలు ఆ ఒక్క పాలు కూడా అమ్మకు ఇవ్వలేదు. అప్పుడు?

మామ ఏమీ అనలేదు. తాత పోయాక హిందూపురం ఇంటి పంపకంలో ఆడవాళ్ళకు ఏమి వచ్చిందో ఆయనకు తెలుసు, అకౌంట్లు అప్పుడూ ఆయనే చూశాడు.

మేనకోడలు: నిన్ను అనడం లేదులే. ఆ ప్రశ్న వచ్చినప్పుడు నోరు మూసుకో అనే గది అయితే నేను రాను. ఇంట్లో అడగలేదు, మక్తబ్‌లో అడగలేదు, ఇక్కడా అడగలేకపోతే దీన్ పేరు పెట్టి ఇంకో గంట చెప్పించుకొని ఆ పిల్లకు ఏం లాభం? మీరు చెప్పే గుర్తింపు అబ్బాయిలకు తలెత్తుకోవడం, అమ్మాయిలకు తల వంచుకోవడం కాకూడదు. లెక్క నేను చేయిస్తా. మీ మసీదు ఇమాము హజ్రత్ వచ్చి అదే గదిలో కూర్చోవాలి. ఫిఖ్ జవాబు ఆయన చెప్పాలి, నేను చెప్పింది తప్పయితే అందరి ముందే దిద్దాలి. పిల్ల ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకూడదు.

మామ: హజ్రత్ మంచివాడే. చిన్నవాడు. సబీలుర్రషాద్ మద్రసాలో చదివాడు, ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టి పాసయ్యాడు కూడా. ఆయన్ను ఒప్పించవచ్చు. ఆయనకే లెక్కలు రావాలని ఉంది, నిన్ను ట్యూషన్ అడిగినా అడుగుతాడు.

మేనకోడలు: అడగమను. ఏడో తరగతి వాళ్ళతో కూర్చోవాలి మరి.

మామ: ట్రస్టు వాళ్ళదే కష్టం. అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే గదిలోనా అంటారు, హజ్రత్ ఎదుట ఆడమనిషి పాఠం చెప్పడమేమిటంటారు, ఇస్త్రీ ఆయన పిల్లాడికి మీరాస్ ఎందుకంటారు. ఒక్కొక్కటీ నేను చెప్పుకు రాలేను, నాకు ఆ లెక్క కూడా ఇప్పుడే తెలిసింది. ఆదివారం జోహర్ తర్వాత మీటింగు. నువ్వే వచ్చి ఇదంతా వాళ్ళ ఎదుట చెప్పు. ఆ ఆరింట ఏడు కూడా బోర్డు మీద వేసి చూపించు.

మేనకోడలు: వస్తా. మీటింగు ఎక్కడ?

మామ: మసీదు ఆఫీసు గదిలో.

మేనకోడలు: ఆడవాళ్ళను రానిస్తారా అక్కడికి?

మామ: ...అడిగి చెప్తా.